మండ్రగబ్బను చంపాల్సిన ఆదివారాలు

గచ్చిబౌలి దగ్గర ఆఫీసు బస్సు కదలకుండా నిలబడిపోయినప్పుడు, పక్క సీట్లో కూర్చున్న కొత్త ఉద్యోగులు కాలక్షేపానికి నన్ను అడుగుతుంటారు, ఒకప్పుడు ఇక్కడ ఏముండేది సార్ అని. బండలుండేవి అంటాను. వాళ్ళు తలూపి మళ్ళీ ఫోన్లలోకి వెళ్ళిపోతారు. నిజానికి ఆ రోజుల్లో ఇక్కడ బండలూ, తుప్పలూ, అక్కడొకటి ఇక్కడొకటి లేస్తున్న గాజు మేడలూ, వాటన్నిటి మధ్య ఒక మండ్రగబ్బా ఉండేవాడు. మండ్రగబ్బ అంటే నల్లతేలు అని ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. ఆ మనిషి నగరానికి రాజయ్యాడని, ఆయన్ని రాజును చేసింది తమ పక్కన కూర్చున్న ఈ బట్టతల పెద్దమనిషేనని చెబితే నమ్మరు. అందుకని బండల దగ్గరే ఆపేస్తాను.

తొంభైల చివరి మాట. మా క్లాసులో వాళ్ళందరూ అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల్లో చేరితే, నేనొక్కడినే రచయితనవుతానని తెనాలిలో రైలెక్కాను. టీవీ సీరియళ్ళు తీసే ఒక డైరెక్టరుగారి దగ్గర సహాయ రచయితగా కుదిరాను. ఆయన అప్పుడు వారం వారం వచ్చే నేర కథ ఒకటి తీస్తున్నారు. పిల్లల పత్రికలో బొమ్మల కథగా వచ్చినదాన్ని కొనుక్కుని పెద్దల సీరియల్‌గా మార్చారు. అందులో విలన్ పేరే మండ్రగబ్బ. నల్ల అంగీ, వేలికి తేలు ఉంగరం. మొదటి పేజీలో జేబులు కొట్టేవాడు, చివరికి వచ్చేసరికి నగరం మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుంటాడు. ఆఖరి బొమ్మలో ఇన్‌స్పెక్టరు చేతిలో దెబ్బతిని, ఊళ్ళోకెల్లా ఎత్తైన మేడ మీద నుంచి అంగీ రెక్కల్లా పరుచుకుని కిందికి పడిపోతాడు. మేము దాన్ని పదమూడు వారాల్లో ముగించాలి.

సీరియల్ మొదట్లో పడే పేర్లలో కథ, మాటలు, దర్శకత్వం అన్నిటికీ డైరెక్టరుగారి పేరే ఉండేది. మాటలు రాసేది నేనైనా నా పేరు పడేది కాదు. ఒకరోజు ధైర్యం చేసి అడిగితే ఆయన భుజం తట్టి, "మండ్రగబ్బ చచ్చే ఎపిసోడు బాగా రాయవోయ్, ఆ వారం 'మాటలు' అని నీ పేరు వేస్తాను" అన్నారు. ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి తెనాలికి ఫోన్ చేశాను. మా ఇంట్లో ఫోన్ లేదు, పక్కింటి మావయ్యగారింట్లో ఉంది. అమ్మ గట్టిగా అరిచి ఆ సంగతి వాళ్ళింటిల్లిపాదికీ చెప్పేసింది. అంతే, ఆ వారం నుంచి మా వీధిలో సగం మంది గురువారం సాయంత్రం మా టీవీ ముందు చేరి, మండ్రగబ్బ చావు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు.

నాది పుట్టుకతోనే అనుమానపు బుర్ర. పాలవాడు నీళ్ళు కలిపాడేమోనని, మున్సిపాలిటీవాళ్ళు ఆ నీళ్ళలో ఏం కలిపారోనని అనుమానించే ఇంట్లో పెరిగాను. కాబట్టి మండ్రగబ్బ చావు వాయిదా పడుతూ పోవడం వెనక ఏదో ఉందని యూనిట్‌లో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. (అందరికంటే ముందు కనిపెట్టినవన్నీ నిజం కానక్కర్లేదని తెలియడానికి ఇంకా టైముంది.)

మండ్రగబ్బ వేషం వేసేది యాభై దాటిన ఒక పొడుగాటి మనిషి. హఫీజ్‌పేట వైపు ఉంటాడనీ, మెదక్ వైపు మనిషనీ తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. అందరూ పెద్దాయన అనేవారు. తక్కువ మాట్లాడేవాడు. ఇన్‌స్పెక్టరు వేషం వేసే హీరోగారికి సినిమాల పిచ్చి. ఏ సినిమావాళ్ళు పిలిచినా మా షూటింగు ఎగ్గొట్టి పోయేవాడు. పెద్దాయన మాత్రం పొద్దున్నే ఠంచనుగా వచ్చి, కొండరాయి నీడలో కూర్చుని ఉండేవాడు. హీరోగారు రానప్పుడల్లా మా ప్రొడక్షన్ మేనేజరన్న నా దగ్గరకొచ్చి, "తమ్మీ, హీరో వస్తలేడంట. పెద్దాయన అచ్చి కూసున్నడు. అచ్చినోనికి సీన్ రాయి, రానోనికి రాసి ఏం జేస్తవ్?" అనేవాడు. రాసేవాడిని. అలా ఒకరోజు మండ్రగబ్బ నీళ్ళ ట్యాంకర్లు ఎత్తుకుపోయాడు. ఇంకోరోజు కోకాపేట పొలాల్లో షూటింగని ఆ పొలాలన్నీ కబ్జా చేశాడు. మరోరోజు తన పైనున్న ముగ్గురు దాదాలనూ ఒక్క విందు భోజనంలో కాళ్ళబేరానికి తెచ్చుకున్నాడు. హీరోగారు మద్రాసు నుంచి తిరిగొచ్చి చూసుకునేసరికి నగరంలో ఇన్‌స్పెక్టరు తప్ప మండ్రగబ్బ మాట వినని వాడు లేడు.

తెర మీదే అయితే సరిపోయేది. ఆ నల్ల అంగీ వేసుకుని పెద్దాయన నడిచి వస్తుంటే లైట్‌మెన్ బీడీలు వెనక్కి దాచుకునేవారు. టీ ముందు ఆయనకే వెళ్ళేది. మండ్రగబ్బ సింహాసనం సీనుకి డైరెక్టరుగారి తిరిగే కుర్చీ వాడారు. సీను అయిపోయాక కూడా ఆ కుర్చీ ఆయన దగ్గరే ఉండిపోయింది, డైరెక్టరుగారు మాతో పాటు ప్లాస్టిక్ కుర్చీలోకి వచ్చేశారు. ఎవరూ తీసుకోమనలేదు, ఎవరూ తిరిగివ్వమనలేదు. రాజ్యాలు ఇలాగే చేతులు మారతాయేమో అనిపించింది నాకు.

అసలు చిక్కు ఆదివారాలతో వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఇన్‌స్పెక్టరు చేత ఒక శపథం చేయించాను. మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఒక గాజు మేడను చూపించి, "మండ్రగబ్బా! నీ చావు ఈ మేడ మీదే!" అంటాడు. ఆ మాటకి డైరెక్టరుగారు నన్ను కౌగిలించుకున్నారు. జనానికీ పట్టింది. తీరా చూస్తే ఆ మేడలో అప్పటికే కొన్ని అంతస్తుల్లో కంప్యూటరు ఆఫీసులు నడుస్తున్నాయి. షూటింగుకి ఇచ్చేది ఆదివారాలు మాత్రమే, అదీ మధ్యాహ్నం దాకా. పెద్దాయనేమో వారంలో ఏ రోజైనా వస్తాడు గానీ ఆదివారం రాడు. ప్రతి శనివారం సాయంత్రం డైరెక్టరుగారు నా దగ్గరకొచ్చి, "రేపు చంపడం లేదోయ్. ఆయనకి ఆదివారం కుదరదట" అనేవారు.

"ఎందుకు కుదరదండీ?"

"అంత పెద్దమనిషిని ఎందుకని ఎలా అడుగుతామయ్యా?"

నేనే అడిగాను. పెద్దాయన నవ్వి, "జర పనుంటది సార్ ఆదివారం" అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పదమూడు వారాలు దాటిపోయాయి. ఛానల్‌వాళ్ళు కథ రసకందాయంలో ఉంది కదా అని పొడిగించారు. నేను వారం వారం మండ్రగబ్బని కొత్త కొత్త గండాల్లోంచి తప్పిస్తూ, గురువారం తర్వాత బూత్‌లో నిలబడి అమ్మకి సమాధానం చెప్పుకుంటూ గడిపాను.

"ఏరా నాన్నా, చచ్చాడా?"

"లేదమ్మా. వచ్చే ఆదివారం తప్పకుండా చంపేస్తాం."

"అప్పుడూ అదే అన్నావు. నీవల్ల అవుతుందా, అసలు?"

నాలుగైదు వారాలు ఇది విన్న బూత్ అతను ఒకరోజు మా మేనేజరన్నని పక్కకి పిలిచి, "అన్నా, గా పోరడు ఎవర్నో చంపుతం చంపుతం అంటున్నడు. వాళ్ళమ్మ గూడ ఎప్పుడు చంపుతవని అడుగుతున్నది. ఏంది కత?" అన్నాడట. మేనేజరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. పెద్దాయన చావడం ఇష్టం లేక వెనక ఏదో నడిపిస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది. ఆధారాలు కూడా దొరికాయి. పొద్దున్నే ఆయన్ని ఒక తెల్ల వ్యాను మలుపులో దింపిపోయేది. దాని కిటికీలకు తెరలుండేవి. నిర్మాత పంపిస్తున్న బండి కాబోలు! కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. డైరెక్టరుగారు "ఆ కళ్ళు చూడండర్రా, నిప్పులు!" అని మురిసిపోయేవారు గానీ, రాత్రంతా ఎవరి విందుల్లో కూర్చుంటే ఆ ఎరుపు వస్తుందో నాకు తెలియదా? అన్నిటికంటే పెద్దది, ఒక శనివారం మేకప్ గది తెర సందులోంచి నా కళ్ళారా చూసింది. పెద్దాయన డైరెక్టరుగారి మణికట్టు గట్టిగా పట్టుకుని ముఖంలోకి చూస్తున్నాడు. డైరెక్టరుగారు చెమటలు కక్కుతూ, "ఎవరికీ చెప్పకండి, మీకు పుణ్యముంటుంది" అంటున్నారు. బెదిరింపు అంటే అదే కదా!

ఆ మర్నాడే ఆదివారం. ఆయన ఆదివారపు పనేమిటో తేల్చుకుందామని పొద్దున్నే హఫీజ్‌పేట స్టేషను దగ్గర దిగాను. టీ కొట్టు దగ్గర దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. (మా సీరియల్లో గూఢచారులు చేసేది అదే. అందులో ఎవరూ పట్టుబడరు.) కాసేపటికి పెద్దాయన తెల్ల లాల్చీ, తెల్ల పైజమాలో, చంకలో నల్ల సంచితో వచ్చాడు. దారి పొడుగునా జనం ఆయనకు దండాలు పెడుతున్నారు. పిల్లలు వెంటపడుతున్నారు. ఇక్కడ కూడా రాజ్యమేనన్నమాట అనుకుంటూ వెనకే నడిచాను. సందు చివర రేకుల షెడ్డు ఒకటి ఉంది. వాకిట్లో కుప్పగా చెప్పులు. లోపల ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు, మైకు అమర్చి ఉంది. ముఠా సమావేశమే! చెప్పులు విడిచి, చివరి చాప మీద ఒక మూలకి ఒదిగి కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద చెక్క శిలువ ఉందని అప్పుడు చూశాను.

పెద్దాయన సంచిలోంచి కత్తులేమీ తీయలేదు, తుపాకీ అంతకన్నా తీయలేదు. పాటల పుస్తకం తీశాడు. మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుని పాట అందుకున్నాడు. వారమంతా "చంపేస్తాను" అని నేను రాసిన మాటలు పలికిన గొంతేనా అది! ముందు వరుసలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటున్నారు. మెల్లిగా లేచి జారుకుందామనుకుంటుండగా పాట అయిపోయింది. పాస్టరుగారు మైకు తీసుకుని, "మొదటిసారి మన మధ్యకు వచ్చిన వారు దయచేసి లేచి నిలబడాలి" అన్నారు. ప్రతి ఆదివారం వాళ్ళ మర్యాద అదేనట, నాకేం తెలుసు! షెడ్డు షెడ్డంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది. అప్పటికే సగం లేచి ఉన్నాను కాబట్టి మిగతా సగం కూడా లేవక తప్పింది కాదు.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. పాస్టరుగారి చేతిలోంచి మైకు అందుకుని, "ఈ సార్ ఎవరనుకున్నరు? మండ్రగబ్బ మాటలన్నీ రాసేది ఈయననే" అని, నా పేరు, ఇంటిపేరుతో సహా, నిదానంగా, పెళ్ళిలో ప్రవర చెప్పినట్టు చెప్పాడు. షెడ్డంతా చప్పట్లు. ఆ మహానగరంలో నా పూర్తి పేరును నలుగురిలో పలికిన మొదటి మనిషి ఆయన. నేను ఆయన్ని చంపడానికి ఆధారాలు వెతుక్కుంటూ వచ్చానని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "బిడ్డా, వాన్ని చంపుతవట గద. చంపకు బిడ్డా. మనసు మార్చు. మేము వారం వారం వానికోసం ప్రార్థన చేస్తున్నం" అంది. పెద్దాయన కోసమా అంటే కాదట, మండ్రగబ్బ కోసమేనట! నేను వారం వారం పాపాల్లోకి తోస్తున్న మనిషిని హఫీజ్‌పేటలో ఇంతమంది మోకాళ్ళ మీద నిలబడి పైకి లాగుతున్నారన్నమాట.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. ఆయన భార్య వద్దంటున్నా వడ్డిస్తుంటే సంగతులన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పెద్దాయన ఒక దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ. తెల్లారాక దవాఖాన వ్యానే తెచ్చి మా దగ్గర దింపిపోతుంది. అందుకే ఆ కళ్ళ ఎరుపు. డైరెక్టరుగారికి బీపీ, ఆ సంగతి నిర్మాతకు తెలిస్తే సీరియల్ ఇంకొకరికి ఇచ్చేస్తాడని భయం, అందుకని చాటుగా ఈయన చేత నాడి చూపించుకుంటున్నారట. నా ఆధారాలన్నీ పప్పుచారుతో పాటు జారిపోయాయి. ఇక ఆదివారం. "గా పాటలు నేనే ముందు పాడాలె సార్. నేను లేకుంటే అందరు తలో తీరు పాడుతరు" అన్నాడు.

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ?"

"ఎవలు అడిగిన్రు సార్? నువ్వు అడిగినవ్ గని, నీ ముఖం జూస్తే నాకే భయమైంది."

తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "వచ్చే ఆదివారం వస్త సార్. పాస్టర్ గారికి చెప్పిన. ఒక్క వారం వాళ్ళు తలో తీరు పాడుకుంటరు, ఏంగాదు" అన్నాడు. వద్దన్నాను. ముసలమ్మ మాట ఇంకా చెవిలో ఉంది. ఆయన వినలేదు. "నీ పేరు టీవీల రావాలె గద. మీ అమ్మ ఎదురుజూస్తున్నదని మేనేజరన్న జెప్పిండు. నేను సస్తె నీ పేరస్తదంటే, సావనీకి నాదేం పోతది సార్?" అని నవ్వాడు. అదే నవ్వు. ఈసారి నాకు ఏడుపొచ్చింది.

అన్నట్టుగానే మరుసటి ఆదివారం ఎండెక్కకముందే నల్ల అంగీ వేసుకుని గాజు మేడ మీద నిలబడ్డాడు. కెమెరా సిద్ధం. కింద పరుపులు సిద్ధం. ఆరాధన మధ్యలో లేచి వచ్చేశారో ఏమో, హఫీజ్‌పేట జనం కూడా ఆటోల్లో దిగి, తమ పెద్దాయన చావు చూడటానికి గేటు దగ్గర దిగులుగా నిలబడ్డారు. అందరూ వచ్చారు. ఇన్‌స్పెక్టరు రాలేదు. మద్రాసులో ఏదో సినిమాలో వేషం దొరికిందట. డైరెక్టరుగారు పిట్టగోడ మీద చతికిలబడి తన నాడి తానే చూసుకున్నారు. మేనేజరన్న మెల్లిగా నా దగ్గరకొచ్చాడు. నోరు తెరవకముందే నాకు తెలుసు.

"అచ్చినోనికి రాయి తమ్మీ."

రంగు డబ్బా బోర్లించుకుని కూర్చుని రాశాను. చంపడానికి ఇన్‌స్పెక్టరు లేడు కాబట్టి మండ్రగబ్బ గెలిచాడు. మేడ అంచున నిలబడి, చుట్టూ ఉన్న బండలనూ చెరువులనూ, అప్పుడప్పుడే పునాదులు పడుతున్న స్థలాలనూ చూస్తూ, ఇక ఈ నగరంలో తనకు ఎదురులేదంటాడు. నేను రాసింది అంతే. పెద్దాయన అద్భుతంగా చెప్పాడు. గాలికి అంగీ రెక్కల్లా లేచింది. డైరెక్టరుగారు కట్ అనబోతుండగా, ఆయన ఆగకుండా కెమెరాలోకి సూటిగా చూశాడు. నేను రాసేది మా తెనాలి వైపు తెలుగు. ఆ తర్వాతి మాటలు మాత్రం ఆయన సొంతం.

"నా తర్వాత ఈ రాజ్యం ఎవనిదనుకుంటున్నర్రా? నాకొక కుడిచెయ్యి ఉన్నడు. ఇన్నొద్దులు ఎవనికి కనిపియ్యకుంట నీడల ఉన్నడు. నా నోట్లె ఉన్న ప్రతి మాట వానిదే. పేరు యాది పెట్టుకోండ్రి!" అని నా పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, నిదానంగా, మొన్న మైకులో చెప్పినట్టే.

డైరెక్టరుగారు నావైపు చూశారు, మేడ అంచు వైపు చూశారు, "బావుందోయ్, ఉంచేద్దాం" అన్నారు. ఆ వారమే ఛానల్‌వాళ్ళు మా సమయం వేరే సీరియల్‌కి ఇచ్చేయడంతో కథ అక్కడే ముగిసింది. మండ్రగబ్బ చావలేదు కాబట్టి ముందు పడే పేర్లలో నా పేరు పడలేదు. మాటంటే మాటే మా డైరెక్టరుగారికి.

గురువారం రాత్రి బూత్ నుంచి ఫోన్ చేశాను. నేను హలో అనేలోపే అమ్మ అందుకుంది. "విన్నాన్రా నాన్నా! ఇంటిపేరుతో సహా చెప్పాడు. అందరి పేర్లూ అక్షరాల్లో పడి పోతాయి, నీ పేరు ఆ మహారాజు నోటితో చెప్పించుకున్నావు" అని ఏడ్చేసింది. తర్వాత గొంతు తగ్గించి, "అది సరే గానీ, పక్కింటి మావయ్యగారు మీవాడు హైదరాబాదులో అసలు ఏం పని చేస్తున్నాడమ్మా అని అడుగుతున్నారు. నువ్వు నిజంగా సీరియల్లోనే కదూ చేస్తున్నావు?" అంది. చెప్పాను కదా, అది ఇంటి లక్షణం.

ఆ తర్వాత నేనూ అందరిలాగే అమీర్‌పేట వెళ్ళి కోర్సు నేర్చుకున్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తాను, వాటి మీద కూడా నా పేరుండదు. ఆఫీసు ఆ గాజు మేడలోనే. పెద్దాయన ఉద్యోగం మానేశాక మెదక్ వెళ్ళిపోయాడు, పాట మాత్రం మానలేదని పండగకి ఫోన్ చేసినప్పుడు ఆయన భార్య చెప్పింది. ఎప్పుడైనా పని మీద పడి ఆదివారం ఆఫీసుకి రావాల్సి వస్తే, ముందు మేడ పైకి వెళ్ళి ఒకసారి చుట్టూ చూసి వస్తాను. నాకు రావాల్సిన రాజ్యమంతా అక్కడి నుంచి కనిపిస్తుంది. ఈమధ్య అలాగే పైకి వెళ్ళడానికి తాళం అడిగితే కొత్త సెక్యూరిటీ అతను నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కరేనా సార్? ఇంకెవరన్న అస్తరా?" అన్నాడు.

"ఒకాయన రావాలి గానీ, ఈరోజు రాడులే" అన్నాను. "ఆదివారం ఆయనకి కుదరదు."